రెండో బ్రేకు

సోమవారం

బోర్లా పడుకుని రాస్తున్నాను. పుస్తకం కింద నేల మీద ఉంది, నేను పైన బెంచీల మీద ఉన్నాను. చెయ్యి కిందికి వేలాడేసి రాస్తుంటే అక్షరాలు తాగినవాడి నడకలా పోతున్నాయి. పోనీ. చదివేది నేనే కదా.

ఆపరేషన్ మొన్న అయింది. కుడి కంట్లో లోపలి పొర ఊడిందట. చెమ్మకి గోడ మీది కాగితం ఊడినట్టు అని కళ్ళ డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చూపించింది. దాన్ని మళ్ళీ అతికించి, కదలకుండా నొక్కి పట్టడానికి కంట్లోకి గాలి బుడగ ఎక్కించింది. బుడగ ఎప్పుడూ పైకే తేలుతుంది. కంటి వెనక గోడ పైకి ఉండాలంటే నా ముఖం నేలకేసి ఉండాలి. అలా వారం రోజులు. తింటున్నా, పడుకున్నా, నడుస్తున్నా తల వేలాడేసుకునే. మరి నన్నేం చెయ్యమంటారు అని అడిగాను.

"మీరు చెయ్యాల్సింది ఏమీ లేదండీ. బుడగ దాని పని అది చేసుకుంటుంది. మీరు అడ్డం రాకుండా ఉంటే చాలు" అంది.

నా జీవితంలో ఎవరూ నాతో అలా అనలేదు.

ఎడమ కన్ను చిన్నప్పటి నుంచీ సగం కన్నే. ఇప్పుడు రాస్తున్నది దానితోనే, అందుకే ఇంత లావు పెన్ను. కుడిది తిరిగి రాకపోతే నాకు బండి లేదు, డ్రైవింగ్ స్కూలూ లేదు. గేటు మీద బోర్డు దించుకోవడమే. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడిందట. అద్దం చూడు, అద్దం చూడు అని నేర్చుకునేవాళ్ళ చెవిలో జోరీగలా పోరేవాణ్ణి. నా కంట్లోనే నల్ల ఈగలు తిరుగుతుంటే దుమ్మనుకుని నీళ్ళతో కడుక్కుంటూ కూర్చున్నాను.

క్లాసు గదిలో బెంచీలు రెండు కలిపి పరుపు వేశారు. తల దగ్గర స్కూటర్ ట్యూబుకి గాలి కొట్టి, తువ్వాలు చుట్టి పెట్టారు. నా ముఖం ఆ ట్యూబులో. ఈ తెలివి బావమరిదిది, అంటే మా ఆవిడ తమ్ముడిది. నా దగ్గరే నేర్చుకున్నాడు. బండి బాగానే తోలతాడు గానీ తొందర మనిషి. స్కూలు బండి ఇంతవరకూ వాడి చేతికి ఇచ్చింది లేదు. ఇప్పుడు ఇచ్చాను. ఇవ్వక చస్తానా.

మా బండికి పక్క సీట్లో కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్చి ఉంటాయి, నేర్పేవాడి కోసం. తాళాలు ఇస్తూ వాడికి ఒకటే చెప్పాను. కాలు ఎప్పుడూ ఆ రెండో బ్రేకు మీదే ఉండాలి. పక్కన కాదు, దగ్గర్లో కాదు, మీద. వాడి నోటితో తిరిగి చెప్పించుకున్నాను కూడా. నా కాలు ఇన్నేళ్ళలో దాని మీద నుంచి దిగింది లేదు. అందుకే నన్ను బ్రేకు మాస్టారంటారు. నా బండి మీద గోటి గీత లేదు.


మంగళవారం

టీ స్ట్రాతో తాగాను. నాలుక కాలింది.

ఇక్కణ్ణుంచి మనుషులు కనపడరు, పాదాలు కనపడతాయి. అత్తగారివి వెడల్పు పాదాలు, ఒకసారి ఆనాయంటే ఇక వాటిని ఎవరూ కదిలించలేరు. బావమరిదివి ఒకచోట నిలవవు. మా ఆవిడవి సన్నవి. ఎడమ బొటనవేలి పక్కన చిన్న మచ్చ ఉంది. ఎప్పటిదని అడిగితే, పెళ్ళైన కొత్తలో ఇస్త్రీపెట్టె పడిందనీ, కట్టు కట్టింది నేనేననీ చెప్పింది. నాకు గుర్తు లేదు. ఉన్నట్టు ఊఁ కొట్టాను.

ఇన్నేళ్ళు ఆవిడ పాదాలు చూడకుండా ఎలా గడిపానో.


బుధవారం

కిటికీ కిందే బండి పెట్టే చోటు. పొద్దున ఎవరో కొత్త పిల్లకి బావమరిది పాఠం మొదలుపెట్టాడు. మొదటి గేరు నుంచి రెండోదానికి వెళ్ళేటప్పుడు కరకరమని చప్పుడు. నా పళ్ళు నూరినట్టే ఉంది. లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి, క్లచ్చి పూర్తిగా తొక్కించరా అని అరిచాను. వీధంతా నా వైపు చూసింది. బావమరిది మాత్రం చెయ్యి ఊపాడు, ఎవరికో టాటా చెప్పినట్టు.

అరిచింది అర నిమిషమే. తల కూడా పూర్తిగా ఎత్తలేదు, సగమే. మధ్యాహ్నం ఇంకోసారి లేచాను గానీ అది రివర్స్ చేస్తున్నప్పుడు, అప్పుడు చూడకపోతే ఎలా. సాయంత్రం లేచింది లెక్కలోకి రాదు.

మా ఆవిడ వచ్చి కిటికీకి తెర లాగేసి వెళ్ళింది.


గురువారం

తల ఎత్తలేదు.

ఒక్కసారి ఎత్తాను. గేటు సరిగ్గా వేశారో లేదో చూడాలి కదా.


శుక్రవారం

డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళి వచ్చాం. బావమరిది తోలాడు. నన్ను వెనక సీట్లో బోర్లా పడేశారు, సామాను పడేసినట్టు. ప్రతి మలుపులో నా కుడికాలు దానంతటదే డోరుని తన్నుతోంది. బావా, మీరలా తొక్కితే బండి ఆగదు, డోరు ఊడుతుంది అన్నాడు వాడు. నాకు నవ్వు రాలేదు.

డాక్టరమ్మ లైటు వేసి చాలాసేపు చూసింది. ఒక అంచు ఇంకా అతుక్కోలేదట. తల ఎత్తారా అని అడిగింది. లేదే అన్నాను.

"ఎత్తారు" అంది మా ఆవిడ.

ఆ ఒక్క మాటే. డాక్టరమ్మ నన్ను కోప్పడలేదు. ఇంకో వారం ఇలాగే ఉండమంది. అప్పటికీ అంచు పట్టకపోతే మళ్ళీ ఆపరేషన్, ఆ తర్వాత చూపు ఎంత వస్తుందో తను మాట ఇవ్వలేనంది. చాలా మెల్లగా చెప్పింది. కోప్పడి ఉంటే బాగుండేది, నేనూ తిరిగి ఏదో ఒకటి అనేవాణ్ణి.

ఇంటికి వచ్చాక అత్తగారు ట్యూబులో గాలి తగ్గిందేమోనని వేలితో నొక్కి చూసి, సరిపోయిందని చెప్పి వెళ్ళిపోయింది.


శనివారం

భయంగా ఉంది. ఇంకేమీ లేదు రాయడానికి.


ఆదివారం

అత్తగారు పేక తెచ్చింది. నేల మీద నా ముఖం కింద ముక్కలు పరిచి, నా ముక్కలు నా చేతికి ఇచ్చి, తను పీట వేసుకుని కూర్చుంది. మొదటి ఆట ఆవిడే గెలిచింది. రెండోదీ ఆవిడే. నా సగం కంటికి కళావరుకీ ఇస్పేటుకీ తేడా సరిగ్గా తెలియదని ఆవిడ కనిపెట్టేసింది. మీరు తొండి ఆడుతున్నారండీ అన్నాను. ఒంటికన్నుతో నువ్వేం చూశావు నాయనా అంది. అల్లుణ్ణి నువ్వు అనడం ఇదే మొదలు. పేకాటలో మర్యాదలు ఉండవు కాబోలు.

అప్పుడు కింద బండి మళ్ళీ కరకరమంది. నా మెడ బిగుసుకోవడం ఆవిడ చూసినట్టుంది.

"నాకు మోకాలు ఆపరేషన్ అయినప్పుడు నేనూ ఇలాగే పడుకున్నాను. వంటింట్లో గిన్నె చప్పుడైతే చాలు, ఏదో మాడిపోతోందని ప్రాణం కొట్టుకునేది. మాడింది. తిన్నాం. ఎవరూ చావలేదు" అంది. తర్వాత మూడో ఆట కూడా గెలిచింది.

మా ఆవిడ టీ పెట్టి వెళ్తుంటే చూశాను. కుడి మడమ వెనక నల్లటి మరక ఉంది, రాపిడికి చర్మం కాస్త గట్టిపడి కూడా ఉంది. ఎడమ మడమ శుభ్రంగా ఉంది. పాపం, నా మూలాన మందుల షాపుకి తిరిగి తిరిగి చెప్పు అరిగిందేమో. లేచాక కొత్త చెప్పులు కొనిపెట్టాలి.

ఇలాంటి మరక ఎక్కడో చూసినట్టే ఉంది.


సోమవారం

పొద్దున కాసేపు నా కంటికి పాఠం చెప్పాను. ఊరికే పడుకోలేక. అతుక్కో, మెల్లగా, తొందరపడకు, అంచు ముందు, తర్వాత మధ్య అని మనసులోనే చెబుతున్నాను, కొత్తగా స్టీరింగు పట్టినవాళ్ళకి చెప్పినట్టు. చెబుతూ చెబుతూ ఉండగా నాకే నవ్వు వచ్చింది. అది నా మాట వింటుందా? దానికి చెవులు ఎక్కడున్నాయి?

అలా నవ్వుతుంటే ఒక సంగతి జరిగింది. ఎలా రాయాలో తెలియడం లేదు. నా కంటి విషయంలో నేను చెయ్యగలిగింది ఏమీ లేదు అని మామూలుగా తలుచుకుంటే లేచి కిటికీ దగ్గరికి పోవాలనిపిస్తుంది. ఈసారి అలా అనిపించలేదు. సంత నుంచి మోసుకొచ్చిన సంచి గుమ్మంలో దించినట్టు, భుజాలు కిందికి జారాయి. మెడ మెత్తబడింది. తెర సందులోంచి పడిన ఎండ ముక్క నేల మీద నా పుస్తకం దాకా వచ్చి, అక్షరాల మీదికి ఎక్కింది. దాన్నే చూస్తూ పడుకున్నాను.

కాసేపటికి మళ్ళీ భయం వచ్చింది. రానీ. మధ్యలో ఒకసారి పోయింది కదా.


మంగళవారం

టీచరమ్మ వచ్చింది. పక్క వీధి బడిలో లెక్కలు చెబుతుంది. నా దగ్గర పూర్తిగా నేర్చుకుని లైసెన్సు పరీక్షకి వెళ్ళి తప్పింది, మళ్ళీ నేర్చుకుని మళ్ళీ తప్పింది. రెండుసార్లూ ఒకటే చోట. ఆపమన్న గీత దాటి వెళ్ళిపోయింది. కంగారు మనిషి, ఆవిడకి రాదు అని నేను మనసులో కొట్టేశాను. పైకి మాత్రం ఇంకో నెల నేర్చుకోమన్నాను.

ఇవాళ పాసైందట. బిస్కెట్ల డబ్బా తెచ్చింది. తెల్ల బూట్లు, ముడి వేసిన లేసులు, కాస్త ఎగిరెగిరి పడుతున్నాయి. అంతా మీ దయ మాస్టారూ అంది. సంతోషం అమ్మా అన్నాను. ఆవిడ వెళ్ళిపోయాక బిస్కెట్టు నోట్లో పెట్టుకుంటే మట్టిలా ఉంది. అత్త కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. నా కన్ను పోతుందేమోనన్న బాధ ఒక ఎత్తు, బావమరిది వారం రోజుల్లో నేర్పింది నేను నేర్పలేకపోయానన్న బాధ ఒక ఎత్తు.

సాయంత్రం వాణ్ణి పిలిచాను. ఏం నేర్పావురా నేను నేర్పనిది అని అడిగాను. వాడు అటూ ఇటూ కదిలాడు. తర్వాత ఏం చేశాడంటే, నేల మీద వెల్లకిలా పడుకుని, బెంచీ కిందికి జరిగి, సరిగ్గా నా ముఖం కింద వాడి ముఖం పెట్టాడు. ఈ మధ్య నేను తిన్నగా చూసిన మొదటి మనిషి ముఖం అదే. ఇంత పెద్దవాడు ఎప్పుడయ్యాడు వీడు? చెవుల దగ్గర తెల్లవెంట్రుకలు.

"కోప్పడకండి బావా. మీరు అన్నీ నేర్పారు. కానీ ఆవిడ బ్రేకు తొక్కేలోపే మీ కాలు తొక్కేసేది. మెత్తగా తొక్కుతారు కదా మీరు, ఆవిడకి తెలిసేది కాదు. బండి ఆగేది. తనే ఆపాననుకునేది. పరీక్ష బండిలో మీ కాలు లేదు."

మరి నువ్వేం చేశావని అడిగాను.

"ఖాళీ మైదానానికి తీసుకెళ్ళి, నా కాళ్ళు వెనక్కి మడిచి కూర్చున్నాను. మొదటి రోజు చెత్తకుండీకి కొట్టింది. రెండోరోజు నుంచి ఆగింది."

"నా బండినా?"

"సొట్ట చిన్నదే బావా."

ఎంత చిన్నదని అడిగితే రెండు వేళ్ళు ఎడంగా పెట్టి చూపించాడు. నేను చూస్తుండగానే ఆ వేళ్ళు ఇంకాస్త దగ్గరికి జరిగాయి. ఒళ్ళు మండింది. లేచి వెళ్ళి చూడాలని అరచేతులు బెంచీ మీద ఆనించాను కూడా. వాడు కింద నుంచి నా కళ్ళలోకే చూస్తున్నాడు. లేవకండి బావా అని కూడా అనలేదు.

చేతులు తీసేశాను.


బుధవారం

సొట్ట చూడలేదు. చూడాలని ఉంది. చూడలేదు.

ఎంతమందికి బ్రేకు తొక్కి పెట్టానో. వాళ్ళందరూ ఇప్పుడు రోడ్ల మీద ఎలా ఆగుతున్నారో. ఆగుతూనే ఉండి ఉంటారు. నేను లేకుండానే నేర్చుకుని ఉంటారు.


గురువారం

ఇవాళ బండి ఎప్పుడు వెళ్ళిందో, ఎప్పుడు వచ్చిందో నాకు తెలియదు. సాయంత్రం అత్తగారు పాఠాలైపోయాయి అంటే, మొదలుపెట్టారా అని అడిగాను.

పేకలో ఒక ఆట గెలిచాను. ఆవిడే గెలిపించిందేమోనని అనుమానం. అయినా గెలుపు గెలుపే. స్ట్రాకీ, ట్యూబుకీ, అత్తగారి తొండికీ దణ్ణం పెట్టుకుని పడుకుంటున్నాను. పొద్దున డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాలి. అతుక్కుందో లేదో నేను ఊహించబోవడం లేదు.

ఊహిస్తున్నాను. కానీ తక్కువ.


శుక్రవారం

ఇవాళ జరిగింది వరసగా రాయాలి, లేకపోతే రేపు నేనే నమ్మను.

నన్ను మళ్ళీ వెనక సీట్లో బోర్లా పడుకోబెట్టారు. కనపడేది కాళ్ళ కింది చాప ఒక్కటే. డోర్లు పడ్డాయి. బండి కదిలింది. కదిలినట్టే తెలియలేదు. ఎప్పుడు రెండో గేరు పడిందో చెవి పెట్టి వినాల్సి వచ్చింది. మలుపుల్లో నా ఒళ్ళు సీటు మీద జారలేదు. గతుకు వస్తే ముందే నెమ్మది, దాటాక మెల్లగా వేగం. వారం క్రితం ఇదే దారిలో నా పేగులు నోట్లోకి వచ్చాయి. పది రోజులు పాఠాలు చెబితే వీడికే పాఠం అబ్బిందన్నమాట అనుకున్నాను. ఇంకో సంగతి, నా కాలు డోరుని తన్నలేదు. సగం దారి అయ్యాక గానీ అది గమనించలేదు.

సిగ్నల్ దగ్గర బండి ఆగింది. ఎంత బాగా ఆగిందంటే, నిలబడి ఉన్నామో వెళ్తున్నామో తెలియలేదు. నా జన్మలో నేర్చుకునేవాళ్ళెవరినీ బాగుంది అని మెచ్చుకున్నది లేదు. పర్లేదు అంటాను, అదే నా దగ్గర పెద్ద బిరుదు. ఇవాళ నోరు ఆగలేదు.

"బాగా తోలుతున్నావురా" అన్నాను చాపతో.

ముందు నుంచి బావమరిది గొంతు, ఊఁ బావా అంది. గొంతులో ఏదో తేడా. అదీ కాక, గొంతు రావలసిన వైపు నుంచి రాలేదు. పక్క సీటు వైపు నుంచి వచ్చింది.

ఆస్పత్రి దగ్గర బండి ఆగింది. నా తల దగ్గరి డోరు బావమరిది తెరిచాడు. తల వేలాడేసుకునే కిందికి దిగాను. అదే సమయానికి డ్రైవర్ డోరు తెరుచుకుని, ముందు ఒక పాదం, తర్వాత ఒక పాదం నేల మీద ఆనాయి. సన్న పాదాలు. ఎడమ బొటనవేలి పక్కన ఇస్త్రీపెట్టె మచ్చ. కుడి మడమ వెనక నల్లటి మరక.

డ్రైవర్ల మడమ. యాక్సిలరేటరు మీద పాదం పెట్టినప్పుడు మడమ చాప మీద ఆని రాసుకుంటుంది, ఆ మరక. నా కుడి మడమకి ముప్ఫై ఏళ్ళుగా ఉన్నదే. మందుల షాపుకి తిరిగి తిరిగి వచ్చిందట! నా అంత తెలివైనవాడు ఉండడు.

ఆవిడ నా చెయ్యి పట్టుకుని మెట్లు చెప్పింది, ఒకటి, ఇంకొకటి, ఇక చదును అని.

అంచు అతుక్కుంది. డాక్టరమ్మ ఈసారి కూడా చాలాసేపు చూసి, లైటు ఆర్పి, పట్టింది అంది. బుడగ కరిగేదాకా వెల్లకిలా మాత్రం పడుకోవద్దు, తల ఎత్తి కూర్చోవచ్చు అంది. చూపు ఎంత వస్తుందో బుడగ పోయాక తెలుస్తుందట. నేను తల ఎత్తాను. మొదట కనపడింది మా ఆవిడ ముఖమే. ఏడుస్తోంది. నాకూ వచ్చింది గానీ ఈ కంటికి మంచిదో కాదోనని ఆపుకున్నాను. ఏడవచ్చు అంది డాక్టరమ్మ.


శనివారం

కుర్చీలో కూర్చుని రాస్తున్నాను. అక్షరాలు గీత మీద నిలబడ్డాయి.

నిన్నటి నుంచి అడగాలా వద్దా అని నానుస్తూ, ఇవాళ అడిగేశాను. ఎప్పటి నుంచి అని.

ఆవిడ కూరగాయలు తరుగుతోంది. చెయ్యి ఆపకుండా చెప్పింది. నా కంట్లో ఈగల సంగతి నేను ఇంట్లో చెప్పకముందే ఆవిడకి తెలుసట. గేటు స్తంభాన్ని రెండుసార్లు అద్దంతో రాసుకుంటూ వచ్చానట. ఆ వారమే తమ్ముడి డొక్కు కారులో మొదలుపెట్టింది. పొద్దున్నే బజారుకి అని వెళ్ళినవన్నీ అవేనట. లైసెన్సు కూడా వచ్చి చాలా రోజులైంది. నాకు చెప్పొద్దని అమ్మనీ తమ్ముణ్ణీ కట్టడి చేసింది. నేను తప్ప ఇంటిల్లిపాదికీ తెలుసు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు, నేను రచ్చంతా గెలిచి ఇంటికొచ్చేసరికి ఇల్లు బండి ఎక్కి వెళ్ళిపోయింది.

నన్ను అడిగితే నేను నేర్పేవాణ్ణి కాదా అన్నాను. కొంచెం కష్టంగానే ఉంది నాకు.

"పెళ్ళైన కొత్తలో నేర్పారు. మూడు రోజులు. బండి కదిలితే మీరే కదిలించారు, ఆగితే మీరే ఆపారు. నాకు బండి తోలినట్టు లేదు, కూర్చోబెట్టి తీసుకెళ్ళినట్టుంది." కత్తి పక్కన పెట్టింది. "మీ కన్ను ఎటు పోతుందో నా చేతిలో లేదు. రాత్రిళ్ళు నిద్ర పట్టేది కాదు. పొద్దున్నే వాడి కారులో కూర్చుంటే మాత్రం కాసేపు అన్నీ మరిచిపోయేదాన్ని. రోడ్డు, నేను, అంతే."

నేను బోర్లా పడుకుని బెంచీ మీద దొరకబుచ్చుకున్నది ఆవిడకి స్టీరింగు వెనక దొరికిందన్నమాట. నాకు కోపం రావాలి. ఎక్కడ వెతికినా దొరకలేదు.

నిన్న సిగ్నల్ దగ్గర బాగా తోలుతున్నావు అన్నది నీకే అన్నాను. తెలుసు, తమ్ముడికి అనలేదని వాడు రాత్రి అన్నం తినలేదు అంది.


మరో రెండు వారాలకి, బుధవారం

బుడగ కరుగుతోంది. కంట్లో ఒక గీత ఊగుతుంది, తాపీమేస్త్రీ రసమట్టంలో నీళ్ళలాగా. గీతకి పైన లోకం మెల్లమెల్లగా తేలుతోంది. ఇవాళ గోడ మీది రోడ్డు గుర్తుల పటంలో గుండ్రటి ఎర్ర గుర్తు కనపడింది. అది ఆగమనో వెళ్ళొద్దనో తెలియలేదు. ఎరుపు మాత్రం ఎరుపే.

పొద్దున లేవగానే ఎంత కరిగిందోనని చూసుకోవడం మానేశాను. అది కరిగేది అదే కరుగుతుంది.


సోమవారం

బుడగ పోయింది. డాక్టరమ్మ అక్షరాల పటం ముందు నిలబెట్టింది. పెద్దవి కనపడ్డాయి, వాటి కింది వరస కూడా. అక్కణ్ణుంచి అక్షరాలు వంగిపోయాయి. తిన్నని గీత నడుమ కొంచెం నొక్కుకుపోయినట్టు కనపడుతుంది. అది ఇక అలాగే ఉంటుందట. చదువుకోవచ్చు, నడవచ్చు, మనుషుల ముఖాలు చూడవచ్చు. బండి తోలకూడదు. పక్కన కూర్చుని నేర్పకూడదు.

వరండాలో గోడకి ఆనుకుని కాసేపు ఏడ్చాను. మా ఆవిడ పక్కన నిలబడి కొంగు అందించింది. మా పక్కనే కళ్ళకి గంతలు కట్టిన పెద్దాయన ఒకడు, ఎవరండీ ఏడుస్తున్నది అని అడిగాడు. నేనేనండీ అన్నాను. కనపడుతోందా మీకు అన్నాడు. కనపడుతోందండీ అన్నాను. చెప్పాక ఏడుపు ఆగింది.


శనివారం

బోర్డు దించడం లేదు. మైదానంలో పాఠాలు బావమరిదివి, ఆడవాళ్ళకి పాఠాలు మా ఆవిడవి. క్లాసు గదిలో గుర్తులు, అద్దాలు, రోడ్డు మర్యాద నావి. అత్తగారు ఫోను ఎత్తుతానంది. చెవి సరిగ్గా వినపడదు కదా అని నేనంటే, మా అల్లుడూ కూతురూ అరిచినట్టు అరిస్తే వినపడుతుంది అంది.

సొట్ట ఇవాళ చూశాను. వాడు వేళ్ళతో చూపించిన దానికి నాలుగింతలు ఉంది. రంగు వేయిస్తామంటే వద్దన్నాను.


ఆదివారం

సాయంత్రం మా ఆవిడ షికారుకి తీసుకెళ్ళింది. వెనక సీటు తలుపు తీయబోతే, ముందు కూర్చోండి అంది. ముందు అంటే నా పాత చోటు. కాళ్ళ దగ్గర రెండో బ్రేకు మెరుస్తూ ఉంది, ఇన్నేళ్ళు తొక్కి తొక్కి రబ్బరు అరిగి ఇనుము తేలింది.

కూర్చున్నాను. కుడికాలు అప్పుడే దాని మీదికి వెళ్ళిపోయింది. తీశాను. బండి గేటు దాటేసరికి మళ్ళీ వెళ్ళింది. ఆవిడ చూసింది. అప్పుడు చెప్పులు విప్పి, రెండు కాళ్ళూ సీటు మీదికి తీసుకుని, బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. బెల్టు పెట్టుకున్నాను. ఇలా కూర్చున్నవాణ్ణి ఎవణ్ణైనా నా బండిలోంచి దింపేసేవాణ్ణి.

బజారు దాటాం. వంతెన ఎక్కాం. దుకాణాల బోర్డుల్లో గీతలు నడుమ నొక్కుకుపోయి ఉన్నాయి, రంగులు బాగున్నాయి. ఈ రోడ్డు మీద ఇన్ని చెట్లున్నాయని నాకు తెలియదు. నేను ఎప్పుడూ ముందు బండి వెనక లైట్లు చూసేవాణ్ణి.

వంతెన దిగుతుంటే పక్క సందులోంచి సైకిలు ఒకటి చటుక్కున అడ్డం వచ్చింది. తొక్కేవాడు మమ్మల్ని చూడనే లేదు. కాలు లేవబోయింది, తొడ కింద ఇరుక్కుని ఉంది.

బండి ఆగింది.

సైకిలతను తన దారిన తను పోయాడు. మా ఆవిడ అద్దం చూసుకుని, గేరు వేసి, మెల్లగా కదిలించింది. నా వైపు తిరగలేదు. కాస్త దూరం వెళ్ళాక అడిగింది.

"కాళ్ళు తిమ్మిరెక్కాయా?"

"ఎక్కాయి."

"దించుకోండి మరి."

"ఉండనీ. ఇల్లు వచ్చాక దించుకుంటాను" అన్నాను.